తెలుగు మాటను వెనక నుంచి తిప్పితే ఒత్తు జారిపోతోంది. జావాస్క్రిప్ట్ తెలిసినవారు చూడగలరా?

2002లో వచ్చిన ఎల్‌గూగ్ అనే సైట్ గూగుల్‌ని అద్దంలో చూపినట్టు తిప్పేస్తుంది కదా. అలాంటి సరదా పేజీ ఒకటి ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఉగాది కార్యక్రమం కోసం చేస్తున్నాను. పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌తో పేజీ మొత్తం తిప్పడం తేలికే, అయింది కూడా. కానీ అక్షరాలే తిరగబడి ఎవరూ చదవలేకపోతున్నారు. అందుకని అక్షరాలు మామూలుగానే ఉంచి, వాటి వరస మాత్రం వెనక నుంచి రావాలనుకున్నాను.

మాటను ముక్కలు చేసి, తిప్పి, కలిపే స్ప్లిట్, రివర్స్, జాయిన్ వాడితే "పర్లాకిమిడి" కాస్తా "ిడిమికాల్రప" అయింది. మొదట్లో చుక్కల వలయం, దానికో ఒంటరి గుడి! స్ప్లిట్ బదులు అరే.ఫ్రమ్‌తో ముక్కలు చేసినా అంతే. తర్వాత హల్లునీ దాని వెనక వచ్చే గుర్తులనీ ఒకే ముక్కగా పట్టుకునే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాలను వెతికి పట్టే నమూనా) రాశాను. గుణింతాలు కుదిరాయి గానీ "డిమికిలార్ప" వస్తోంది. ర్లా విడిపోయి, ఆ పొల్లు పోయి ప మీద పడింది. నాకు కావలసింది "డిమికిర్లాప". ఒడియా మాటలకూ ఇదే గతి.

అక్కడి కంప్యూటర్లు విండోస్ 7, క్రోమ్ 109. నెట్ ఉండదు, కాబట్టి బయటి లైబ్రరీ లింకులు పనికిరావు.

ఒత్తక్షరం మొత్తం ఒకే ముక్కగా పట్టుకోవాలంటే ఆ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎలా రాయాలి?