అమ్మ చేతిని కుర్చీకి కట్టేశారు. ఇది న్యాయమేనా?

దర్గామిట్ట బిడ్డ: మా అమ్మకు 78 ఏళ్లు, డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. ఎనిమిది నెలలుగా నెల్లూరు శివార్లలో ఒక వృద్ధుల హోమ్‌లో ఉంటోంది. మొన్న శనివారం చెప్పకుండా సాయంత్రం ఐదున్నరకు వెళ్లాను. ఎడమచెయ్యి కుర్చీకి చున్నీతో కట్టేసి ఉంది. గాజు ఒత్తుకుని మణికట్టు కమిలిపోయింది. కుడిచేత్తో ముడి పీక్కుంటూ ‘బస్సు పోతుంది, వదలండమ్మా’ అంటోంది. లేచి పడిపోతుందని కట్టారంట. నాకు రెండు రోజులుగా నిద్ర లేదు.

ఒంగోలు పెద్దాయన: చేర్చేటప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితంలో ఏముందమ్మా?

కావలి: కాగితం కంటే చట్టం పెద్దది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. అప్పటికప్పుడు ప్రమాదం ముంచుకొచ్చి, ఆపడానికి వేరే దారి లేనప్పుడే కట్టాలి. దానికి సైకియాట్రిస్టు అనుమతి కావాలి. ఎందుకు కట్టారో, ఎంతసేపు కట్టారో రాసిపెట్టాలి. రోగి తరఫు ప్రతినిధికి 24 గంటల్లో తెలియజేయాలి. సిబ్బంది తక్కువ అన్న కారణంతో కట్టకూడదని కూడా అందులో ఉంది.

ఒంగోలు పెద్దాయన: అది పిచ్చాసుపత్రులకు. వృద్ధాశ్రమానికి ఎట్లా వర్తిస్తుంది? సంతకం ఉందా లేదా, అది చెప్పండి.

కావలి: జ్ఞాపకశక్తి బాగా దెబ్బతినడం, ఎక్కడున్నారో తెలియకపోవడం ఆ చట్టం నిర్వచనంలోనే ఉన్నాయి. అలాంటివాళ్లను చేర్చుకుని చూసే చోటు బయట ఏ బోర్డు పెట్టుకుంటే ఏంటి? బంధువులతోనో, స్నేహితులతోనో ఉండే ఇంటిని మాత్రమే మినహాయించారు.

పామూరు: మా నాయనను కట్టలేదు, బిళ్ల వేశారు. ఎప్పుడు పోయినా నిద్రే. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకు యాంటీసైకోటిక్ మందులు (భ్రమలు, ఉద్రేకం తగ్గించడానికి ఇచ్చేవి) వాడితే చనిపోయే ప్రమాదం పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. ఏం మందులు ఇస్తున్నారో ఆ చీటీ అడగండమ్మా.

రాత్రి డ్యూటీ: నేను ఇట్లాంటి హోమ్‌లో ఆరేళ్లు ఆయాగా చేశాను. ఇరవై రెండు మందికి రాత్రిపూట ఇద్దరం. ఒకరికి బట్టలు మారుస్తుంటే ఇంకొకామె లేచి పడింది, తుంటి విరిగింది. కొడుకు వచ్చి నన్ను కొట్టబోయాడు. కట్టినా తిడతారు, కట్టకపోయినా తిడతారు. మూడో మనిషిని పెట్టమని మేనేజరును అడిగిన ఇంటివాళ్లు ఒక్కరూ లేరు.

దర్గామిట్ట బిడ్డ: నెలకు పద్దెనిమిది వేలు కడుతున్నాం కదమ్మా. చూసుకోలేకపోతే చేర్చుకోవడం ఎందుకు?

ఒంగోలు పెద్దాయన: డబ్బు కట్టాం, శనివారం పోయి చూశాం, ఇక తప్పంతా ఆయాది. సంతకం సంగతి మూడోసారి అడుగుతున్నా, జవాబు లేదు.

దర్గామిట్ట బిడ్డ: పెట్టాను! చదవకుండానే పెట్టాను. ఇంట్లో రెండేళ్లు చూసుకున్నాను. రాత్రి గ్యాస్ తిప్పి వదిలేసేది. మీకేం తెలుసండీ?

ఒంగోలు పెద్దాయన: నాకు తెలుసు. నా భార్యకు ఇదే జబ్బు. నాలుగేళ్లుగా ఇంట్లో నేనొక్కణ్నే చూసుకుంటున్నా. అన్నం వండేటప్పుడు ఆమె కొంగు మంచం కోడుకు కట్టేస్తా. ఒకసారి గేటు దాటి రోడ్డు మీదకు పోయింది, అప్పటినుంచి. నా దగ్గర ఎవరూ సంతకం తీసుకోలేదు. ఇందాక ‘ఇంటిని మినహాయించారు’ అన్నారు కదా. అది చదివినప్పటినుంచి మనసు బాగాలేదు. మీరు ఆ హోమ్‌ను తిడుతుంటే నన్నే అన్నట్టుంది.

దర్గామిట్ట బిడ్డ: నాకు తెలియదు బాబాయ్. క్షమించండి.

రాత్రి డ్యూటీ: అమ్మా, మీ అమ్మ ఏ బస్సు అంటోంది?

దర్గామిట్ట బిడ్డ: బుచ్చిలో టీచరుగా చేసేది. సాయంత్రం ఐదు దాటాక నెల్లూరు బస్సు పట్టుకునేది, మాకు వంట చెయ్యాలని.

రాత్రి డ్యూటీ: ఈ జబ్బులో పొద్దువాలే వేళకు చాలామందికి గాబరా ఎక్కువవుతుంది. ‘బస్సు లేదు, కూర్చో’ అంటే ఇంకా గింజుకుంటారు. సంచి చేతికిచ్చి గేటు దాకా నడిపించండి. ‘ఈరోజు ఆలస్యమంట, టీ తాగి పోదాం’ అని వెనక్కి తీసుకురండి. అక్కడివాళ్లకు ఈ బస్సు సంగతి చెప్పారా?

దర్గామిట్ట బిడ్డ: లేదు. నన్ను ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. రేపు ఐదుకే పోతా.

ఒంగోలు పెద్దాయన: అట్లా తిప్పి తీసుకొస్తే మళ్లీ ఎంతసేపటికి లేస్తారమ్మా?

రాత్రి డ్యూటీ: ఒక్కోరు ఒక్కోలాగా బాబాయ్. మా దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు.

ఒంగోలు పెద్దాయన: పావుగంటైతే అన్నం అయిపోతుంది.