ఏ4 ఫొటో పదునుగా రావాలంటే అంగుళానికి పిక్సెళ్లను 360కి తగ్గించాలా, 720కి పెంచాలా, ప్రింటర్ డ్రైవర్‌కే వదిలేయాలా?

జరీఅంచు:
చేనేత చీరల ఫొటోలు తీసి, ఏ4 గ్లాసీ కాగితంపై ముద్రించి దుకాణాలవారికి చూపిస్తుంటాను. కెమెరా 24 మెగాపిక్సెళ్లది, అంటే 6000 × 4000. ప్రింటర్ ఆరు రంగుల ఇంకు ట్యాంకుది. తెరపై జరీ పోగులు విడివిడిగా కనిపిస్తాయి. కాగితంపైకి వచ్చేసరికి అవన్నీ కలిసిపోయి పసుపు పట్టీలా మారుతున్నాయి. 300 పెట్టమని ఒకరు, 5760 పెట్టమని ఇంకొకరు చెబుతున్నారు. ఫొటోలు సరిదిద్ది ముద్రించే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో ప్రింట్ రిజల్యూషన్ గడిలో ఏ అంకె వేయాలి?

సిరాచుక్క:
ముందు ఆ 5760ని మరచిపోండి. అది ప్రింటర్ అంగుళంలో సిరా చుక్కలను ఎంత దగ్గరగా వేయగలదో చెప్పే డీపీఐ. ఒక్క పిక్సెల్ రంగు చూపించడానికే బోలెడన్ని చుక్కలు పడతాయి. మీ గడిలో వేయాల్సింది అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు అన్న అంకె.

ఎప్సన్ ఫొటో ప్రింటర్ల డ్రైవర్లు (కంప్యూటర్ నుంచి ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) సాధారణంగా బొమ్మను 360కి గానీ 720కి గానీ, కానన్‌వి 300కి గానీ 600కి గానీ మార్చుకుని పని మొదలుపెడతాయి. మీరు వేరే అంకెతో పంపితే డ్రైవరే పిక్సెళ్లను సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు మోటుగా ఉంటుంది కాబట్టి ఆ పని లైట్‌రూమ్‌తోనే చేయించాలి. మీ 6000 పిక్సెళ్లను ఏ4 పొడవైన 11.7 అంగుళాల్లో పరిస్తే అంగుళానికి 513 వస్తాయి. 360కి దించితే చేతిలో ఉన్న వివరాన్ని చేజేతులా పారేసినట్టే. మీది ఎప్సన్‌లా 360, 720 వరుస ప్రింటర్ అయితే 720 వేయండి. డ్రైవర్‌లో ఫైనెస్ట్ డీటైల్ అన్న గడి ఉంటే టిక్కు పెట్టండి. అది పెట్టకపోతే మీరు 720 పంపినా డ్రైవర్ మళ్లీ 360కే దించుతుంది.

పాతస్టూడియో:
సిరాచుక్క గారూ, 513ని 720 చేయడమంటే లేని పిక్సెళ్లను కల్పించడమే కదా! మంచి చూపున్న కన్ను 10 అంగుళాల దూరం నుంచి అంగుళానికి సుమారు 344 చుక్కలను మాత్రమే విడిగా పట్టుకోగలదు. 20 అంగుళాల దూరానికి అది 172కి పడిపోతుంది. మరి 720 ఎవరి కోసం? 360తో పోలిస్తే ఫైలు నాలుగింతలవుతుంది, పాత కంప్యూటర్లు మూలుగుతాయి. నేను పెళ్లి ఫొటోలన్నీ 300తోనే ముద్రిస్తున్నాను, ఒక్కరూ వంక పెట్టలేదు.

సిరాచుక్క:
పెళ్లి ఫొటోలో చూసేది ముఖాలను. అక్కడ మీ 300 చాలు, ఒప్పుకుంటాను. కానీ ఆ 344 లెక్క పక్కపక్కనున్న రెండింటిని విడిగా చూడగలమా అన్నదానికే వర్తిస్తుంది. వాలుగా పోయే గీత నున్నగా ఉందా, మెట్లుమెట్లుగా విరిగిందా అన్నది పసిగట్టడంలో మన కన్ను అంతకన్నా ఎన్నో రెట్లు చురుకు. జరీ మడత పడిన చోట ఉండేవన్నీ వాలు గీతలే. 720కి పెంచితే కొత్త వివరం పుట్టదు, నిజమే. ఉన్నది పోకుండా ఉంటుంది.

మగ్గంనీడ:
మీ ఇద్దరి వాదన బాగుంది కానీ, జరీఅంచు గారు కాగితం రకం ఏది ఎంచుకుంటున్నారో ఎవరూ అడగలేదు. డ్రైవర్‌లో ప్లెయిన్ పేపర్ అని ఉంచి గ్లాసీ కాగితం పెడితే సిరా మోతాదే తప్పుతుంది. అప్పుడు 360 అయినా 720 అయినా ఒకటే బురద. కాగితం కంపెనీ ఏ రకం ఎంచుకోమని ప్యాకెట్టుపై రాసిందో చూడండి.

రెండోది హై స్పీడ్. కొన్ని డ్రైవర్లలో దీన్నే బైడైరెక్షనల్ అంటారు. అది ఆన్‌లో ఉంటే సిరా చల్లే ప్రింట్ హెడ్డు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి సిరా వేస్తుంది. హెడ్డు అలైన్‌మెంట్ వెంట్రుకవాసి తప్పినా నిలువు గీతలు రెండుగా పడతాయి. అలైన్‌మెంట్ చేయించండి, హై స్పీడ్ తీసేయండి. టైము ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

ఇంకో మాట. మీ చీరల్లో పోచంపల్లి ఇక్కత్‌లు కూడా ఉంటే వాటి అంచుల మసకను సరిచేయాలని చూడకండి. నూలుకు ముందే రంగు అద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి ఆ అంచు పుట్టుకతోనే అలా ఉంటుంది. దాన్ని కత్తితో కోసినట్టు చేసి చూపిస్తే నేత తెలిసినవాళ్లు నవ్వుతారు.

జరీఅంచు:
కాగితం రకం సరిగానే ఉంది. హై స్పీడ్ మాత్రం ఆన్‌లో ఉంది, తీసేశాను. ఇక పదును సంగతి: జరీ చుట్టూ తెల్లటి గీత కూడా పడుతోంది. ఫొటోషాప్‌లో పదును పెంచే అన్‌షార్ప్ మాస్క్ వేసి, లైట్‌రూమ్ ప్రింట్ షార్పెనింగ్‌లో హై కూడా పెడుతున్నాను. ఉండనివ్వనా?

పాతస్టూడియో:
వద్దు! జరీ చుట్టూ తెల్లటి గీత వస్తున్నది అందుకే అయ్యుంటుంది. రెండింటిలో ఒకటే ఉంచండి. లైట్‌రూమ్‌ది తెరపై కనిపించదు, ముద్రించేటప్పుడే పడుతుంది. అందుకే జనం అది పనిచేయడం లేదనుకుని పైన ఇంకోటి వేస్తుంటారు. గ్లాసీ, స్టాండర్డ్ చాలు.

సిరాచుక్క:
ఇందులో మీతో ఏకీభవిస్తున్నాను. మ్యాట్ కాగితమైతే సిరా కొంచెం పాకుతుంది కాబట్టి పదును ఒక పాలు ఎక్కువ కావాలి; అందుకే అక్కడ గ్లాసీ, మ్యాట్ అని విడిగా అడుగుతుంది. లైట్‌రూమ్ లేనివాళ్లు ఫొటోషాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో ముందు సైజు మార్చి, చివరగా అన్‌షార్ప్ మాస్క్ వేయండి. అందులో రేడియస్‌కు (అంచుకు ఎన్ని పిక్సెళ్ల మేర పదును పడాలో చెప్పే అంకె) అంగుళానికి పిక్సెళ్ల సంఖ్యను 200తో భాగించడం ఒక మోటు లెక్క: 360కి 1.8. తెరపై నిండుగా పెద్దది చేసి చూస్తే మితిమీరినట్టే ఉంటుంది, కంగారుపడి తగ్గించకండి.

మగ్గంనీడ:
వాదనకన్నా కాగితం చవక. జరీ ఉన్న చిన్న ముక్కను ఏ4లో వచ్చే కొలతకే కత్తిరించి, 4×6 కాగితాలపై 360తో ఒకటి, 720తో ఒకటి తీయండి. వెనుక పెన్సిల్‌తో అంకె రాసుకుని, ఆరిన తర్వాత పగటి వెలుగులో చూడండి.

జరీఅంచు:
తీశాను. హై స్పీడ్ తీసేయడంతోనే సగం మసక పోయింది. అదనపు షార్పెనింగ్ తీసేస్తే తెల్ల గీత కూడా పోయింది. గ్లాసీ మీద 720లో మడతల దగ్గర జరీ నున్నగా ఉంది, తేడా నాకు తెలుస్తోంది. మ్యాట్ మీద ఎంత చూసినా రెండూ ఒకటే. దుకాణాల్లో రెండు గ్లాసీ ముక్కలూ ఇచ్చి ఏది బాగుందని అడిగితే ఇద్దరు 720 చూపించారు, ఒకాయన చీర ధర అడిగారు.

పాతస్టూడియో:
ఆ మూడో ఆయనది నా ఓటు కింద వేసుకోండి.

సిరాచుక్క:
గ్లాసీకి 720, మ్యాట్‌కి 360 అని రెండు టెంప్లేట్లు సేవ్ చేసుకోండి జరీఅంచు గారూ. పాతస్టూడియో గారూ, మీ 300ను కానన్ మీద తీస్తున్నారా, ఎప్సన్ మీదా? ఎప్సన్ అయితే ఆ పెళ్లి ఫొటోలన్నీ డ్రైవరే 360కి మారుస్తోంది.