అప్‌డేట్: అమ్మకి ఎర్ర మందు కీమో పూర్తయింది

రొమ్ము క్యాన్సర్‌కి మొదటి కీమో అయ్యాక అమ్మ "ఇంక నావల్ల కాదురా" అంటోంది, ఎలా ధైర్యం చెప్పాలి అని అడిగాను కదా. 21 రోజులకోసారి ఎక్కించే ఎర్ర మందు (ఎర్రగా ఉండే కీమో మందు) నాలుగు డోసులూ నిన్నటితో పూర్తయ్యాయి. ఇక పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు, వారానికోసారి చొప్పున 12 వారాలు.

నిజం చెప్పాలంటే అమ్మని నిలబెట్టింది మా మాటలు కాదు, డే కేర్‌లో కీమో ఎక్కించే సిస్టర్. నరం దొరకకపోతే విసుక్కోదు. అమ్మ చెయ్యి తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెడుతూ, "పెద్దమ్మా, పొద్దున ఏం తిన్నారు?" అని అడుగుతుంది. వాంతుల సంగతి చెప్పగానే డాక్టరుగారు మాత్రలు మార్చారు. ఆ రాత్రే అమ్మ చారన్నం తింది! జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా ఫోన్ చేయమన్నారు. ఒకసారి చేశాం, వెంటనే ఎత్తారు. సగం టెన్షన్ అక్కడే తగ్గింది.

మీరు చెప్పినట్టే, ఏడుపొస్తే ఏడవనిచ్చాం. నిన్న మాత్రం చీరకి నప్పే స్కార్ఫ్ తనే వెతికి కట్టుకుంది.