చెక్క అల్మారాలో బియర్డెడ్ డ్రాగన్: చల్లటి వైపు వేడి ఎలా తగ్గించాలి?

పెరిగిన బియర్డెడ్ డ్రాగన్ (ఇంట్లో పెంచుకునే ఒక రకం బల్లి) కోసం పాత చెక్క అల్మారాని అడ్డంగా పడుకోబెట్టి ఇల్లు చేస్తున్నాను. లోపలి కొలత 120×60×60 సెంటీమీటర్లు, ముందు జరిపే గాజు తలుపులు. అడుగున ఇసుక వద్దని గరుకు టైల్స్ పరిచాను. తుడవడం తేలిక, గోళ్లూ అరుగుతాయి.

ఒక చివర పింగాణీ హోల్డర్‌లో 75 వాట్ల హాలోజన్ బల్బు. దాని కింది రాయి మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ 41 డిగ్రీలు చూపిస్తోంది, అది బాగానే ఉంది. చిక్కల్లా అవతలి చివరే: 25–27 ఉండాల్సింది మధ్యాహ్నానికి 32కి చేరుతోంది. చెక్క వేడిని పట్టి ఉంచుతుంది కదా, గాలి ఆడాలి. ఇప్పుడున్నవి వెనక పలకలో కింద ఒక వరస చిల్లులే. పైన ఇంకో వరస తొలిస్తే బల్బు వైపు తొలవాలా, చల్లటి వైపా? లేక రాయిని ఇంకాస్త ఎత్తు చేసి 50 వాట్ల బల్బుకి దిగితే సరిపోతుందా? రాయి ఎత్తకుండా డిమ్మర్‌తో తగ్గిస్తే మాత్రం రాయి కూడా చల్లబడిపోతుంది.

ఇంకోటి, యూవీబీ ట్యూబు, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం. పొదుపు చేయకూడని వస్తువేదైనా ఉంటే అది ఇదే, అందుకే టీ5 అనే సన్న ట్యూబు రకం, 12 శాతం యూవీబీది. జాలీ అడ్డుంటే కిరణాలు బాగా తగ్గుతాయి కనక లోపలే బిగిస్తున్నాను. రిఫ్లెక్టర్ ఉంది, యూవీ మీటర్ లేదు. జంతువు వీపుకీ ట్యూబుకీ మధ్య 40 సెంటీమీటర్లు ఉంచితే చాలా?