తింటుంటే ఒక చెంపకే చెమట: దీన్ని తెలుగులో ఏమందాం?

ఒక అక్క వాళ్లమ్మగారికి చెవి ముందు గడ్డ తీసిన కొన్ని నెలలకు, అన్నం తినేటప్పుడల్లా ఆ వైపు చెంప ఒక్కటే తడిసిపోతోందట. దీనికి తెలుగు మాట ఏమిటని అక్క అడిగారు. ‘ముచ్చెమటలు’ అని ఒకరు, ‘భోజన స్వేదం’ అని ఒక మాస్టారు సూచించారు. ఈ రెండూ ఇక్కడ ఎందుకు సరిపోవనిపించిందో చెప్తాను.

ముచ్చెమటలు చాలా మంచి మాట. కానీ దాని వెనక ఎప్పుడూ భయమో కంగారో ఉంటుంది. ప్రశ్నపత్రం చూడగానే ముచ్చెమటలు పడతాయి, అప్పులవాడు గుమ్మంలోకి వస్తే ముచ్చెమటలు పడతాయి. ఆ పెద్దావిడ డాక్టరు దగ్గర ఈ మాట వాడితే, వినేవాళ్ల ఆలోచన ముందు టెన్షన్ వైపో గుండె వైపో పోతుంది. అసలు విషయం చెంప దగ్గరే ఉంది.

మాస్టారూ, భోజన స్వేదం వ్యాకరణపరంగా తప్పని నేననను. అయితే ఈ చెమటకు భోజనమే అక్కర్లేదు. ఉసిరికాయ ముక్క చప్పరించినా పడుతుంది. కొందరికి పులుపు తలచుకున్నా చాలు. అంటే దీన్ని రప్పించేది కడుపు నిండటం కాదు, నోరూరడం. ‘నోరూరు’ అన్న మన మాటలోనే ఈ జబ్బు కిటుకంతా ఉంది.

చెవి ముందు నుంచి దవడ మూల దాకా పెరోటిడ్ అనే లాలాజల గ్రంథి ఉంటుంది. గవదబిళ్లలు వచ్చినప్పుడు వాచేది ఎక్కువగా ఇదే. తినేటప్పుడు లాలాజలం ఊరించమని దీనికి కబురు తెచ్చే నరాల పోగులు ఆపరేషన్‌లోనో, దెబ్బ తగిలినప్పుడో తెగుతాయి. తెగినవి నెమ్మదిగా మళ్లీ పెరుగుతాయి. కొన్ని దారి తప్పి, పైనున్న చర్మంలోని స్వేదగ్రంథులకు వెళ్లి అతుక్కుంటాయి. లాలాజల గ్రంథినీ స్వేదగ్రంథినీ కదిలించే రసాయనం ఒకటే, ఎసిటైల్‌కోలిన్. అందుకే తప్పు చోటికి చేరిన కబురు కూడా పని చేసేస్తుంది. నోరూరాల్సినప్పుడు చెంప కూడా ఊరుతుంది, తరచు ఎర్రబడుతుంది. నరం పెరగడానికి సమయం కావాలి కనుకే ఇది ఆపరేషన్ అయిన వెంటనే కాక, నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది దాటాక బయటపడుతుంది.

వైద్యంలో దీన్ని ఫ్రే సిండ్రోమ్ అంటారు. ఫ్రై అని పలికేవాళ్లూ ఉన్నారు, కానీ తెలుగులో అలా రాస్తే వేపుడు గుర్తొస్తుంది, వేపుళ్లు తింటే వచ్చే జబ్బనుకునే ప్రమాదం ఉంది. ఫ్రే అని రాయడమే మేలు. లూట్సియా ఫ్రే పోలండ్‌కు చెందిన నరాల వైద్యురాలు. తూటా గాయం తర్వాత చెంపకు చెమట పట్టే ఒక సైనికుణ్ణి పరిశీలించి, ఏ నరం వల్ల ఇలా అవుతోందో 1923లో వివరించారు. అలాంటి రోగుల గురించి ఆమెకు ముందే రాసినవాళ్లున్నారు, నరం సంగతి తేల్చింది మాత్రం ఆమే. యూదురాలైన ఆమె 1942లో, నాజీల ఆక్రమణలో ఉన్న ల్వూవ్ నగరపు ఘెటోలో, అంటే యూదులను బలవంతంగా ఉంచిన వాడలో, బలైపోయారు. తెలుగు మాట ఏది పెట్టుకున్నా, పక్కన ఆమె పేరు ఉంచుకోవాలని నా గట్టి కోరిక.

ఇక ఇంట్లో వాడుకోవడానికి ‘చెంప చెమర్చడం’ అందాం. చెమ్మ, చెమట, చెమర్చు ఒక కుటుంబం మాటలే. ‘కళ్లు చెమర్చాయి’ అని రోజూ అంటూనే ఉన్నాం. లోపలి నుంచి తడి పైకి తేలడం అందులో వినిపిస్తుంది. ధారగా కారేవాళ్లకు ఈ మాట తక్కువవుతుందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. వాళ్లు ‘చెంప చెమట’ అనొచ్చు.

‘తింటే చెమట’ అని మాత్రం విడిగా అనకండి. అందులో చాలా కలిసిపోతాయి. కొత్తావకాయ తిన్నప్పుడు నుదుటికీ, ముక్కుకీ, పైపెదవి మీదా రెండు వైపులా పట్టే చెమట జబ్బు కాదు, కారం చేసే పని. ఏళ్లుగా షుగరు ఉండి నరాలు దెబ్బతిన్నవాళ్లకు ఏం తిన్నా ముఖం, తల, మెడ తడవచ్చు, అది చూపించుకోవాల్సిందే. షుగరు పడిపోయినప్పటి చెమట వేరు. అది వణుకుతో, ఆకలితో వస్తుంది, తింటే తగ్గుతుంది. కడుపు ఆపరేషన్ అయినవాళ్లకు తిన్న కాసేపటికి చెమటతో పాటు గుండెదడ, నీరసం వస్తే అది మరో సంగతి. ఛాతీ నొప్పితో చెమటలు పోస్తుంటే మాటల గురించి ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

అక్కా, వైద్యం గురించి కూడా అడిగారు కదా. చెంప చెమర్చడం ప్రాణం మీదికి రాదు, స్వల్పంగా ఉంటే వదిలేసినా ఫర్వాలేదు. పదిమందిలో తినడానికి అమ్మగారు మొహమాటపడుతుంటే మాత్రం వదిలేయకండి. డాక్టర్లు చెంపకు అయోడిన్ పూసి, ఆరాక గంజిపొడి చల్లి, పుల్లనిదేదైనా తినిపిస్తారు. చెమట పట్టిన చోటల్లా నల్లనీలంగా మారుతుంది. అక్కడ బొటాక్స్ ఇంజెక్షన్లు ఇస్తే చాలామందికి నెలల తరబడి ఆగుతుంది, తిరిగి వస్తే మళ్లీ ఇస్తారు. అల్యూమినియం క్లోరైడ్ ఉన్న చెమట మందులు, గ్లైకోపైరోలేట్ పూతమందు కూడా ఉన్నాయి. కంట్లో నీటికాసులు, మూత్రం ఆగిపోయే ఇబ్బంది ఉన్నవాళ్లకు ఆ రెండోది పడకపోవచ్చు, ఆ సంగతి ముందే చెప్పండి. ఆపరేషన్ చేసినచోట కొత్తగా గడ్డ తగిలినా, మూతి ఒక పక్కకు లాగినా ఆలస్యం చేయకండి.

ఈఎన్‌టీ డాక్టరుతో ఒక్క మాటతో సరిపెట్టకుండా ఇలా చెప్పండి: “ఫలానా నెలలో ఈ వైపు పెరోటిడ్ గడ్డ తీశారు. ఇప్పుడు పులుపు నోట్లో పెడితే ఈ చెంప ఒక్కటే చెమరుస్తోంది, ఎర్రబడుతోంది. వణుకు లేదు, దడ లేదు.”