వెనిస్‌తోనా, విజయనగరంతోనా? యూరోపా యూనివర్సాలిస్ 4లో రిపబ్లిక్‌లు ఆడితే లాభమా, నష్టమా?

తుంగభద్ర_తీరం:
ఒక దేశాన్ని ఎంచుకుని నడిపే కంప్యూటర్ ఆట ఇది. 1444 నవంబర్ 11న మొదలయ్యే ఈ ఆటలో మనవాళ్ళు చాలామంది ముందు ఎంచుకునేది విజయనగరమే. నేనూ అంతే, ఆరుసార్లు ఆడాను. ఆరుసార్లూ దెబ్బతిన్నది వారసుడి దగ్గరే. చివరిసారి బహమనీల మీదికి వెళ్దామని సైన్యమంతా సరిహద్దుకు చేర్చాను. సరిగ్గా ఆ నెలలో రాజు పోయాడు. కొడుక్కి మూడేళ్ళు. అతనికి 15 నిండేదాకా రీజెన్సీ, అంటే అతని పేరుతో వేరేవాళ్ళ పాలన. యుద్ధం ప్రకటించడానికి లేదు. పన్నెండేళ్ళు సైన్యానికి జీతాలిస్తూ కూర్చున్నాను. తీరా పిల్లాడు సింహాసనం ఎక్కాక చూస్తే పరిపాలన, దౌత్యం, యుద్ధం మూడింట్లో ఆరుకుగాను 1/0/2.

అందుకే ఈసారి రాజు లేని రిపబ్లిక్, వెనిస్ తీసుకున్నాను. నాది డీఎల్‌సీలు (విడిగా కొనుక్కునే అదనపు భాగాలు) లేని పాత వెర్షన్. నాలుగేళ్ళకోసారి ఎన్నిక వస్తుంది, ముగ్గురు అభ్యర్థులుంటారు. ఒకరికి పరిపాలనలో 4, ఒకరికి దౌత్యంలో 4, ఇంకొకరికి యుద్ధంలో 4, మిగతావన్నీ 1. ఉన్నవాణ్ణే మళ్ళీ ఎన్నుకుంటే మూడూ ఒక్కో మెట్టు పెరుగుతాయి. 4/1/1 కాస్తా 5/2/2, తర్వాత 6/3/3, ఆపైన 6/4/4. రీజెన్సీ లేదు, వారసుడి టెన్షన్ లేదు. నా లెక్కలో రిపబ్లిక్కే మేలు. కాదనేవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు_77:
కాదంటాను. మీరు లాభం ఒక్కటే చెప్పి ఖర్చు దాచారు. ఉన్నవాణ్ణి మళ్ళీ ఎన్నుకున్న ప్రతిసారీ రిపబ్లికన్ ట్రెడిషన్, అంటే రిపబ్లిక్ ఎంత గట్టిగా ఉందో చూపే కొలత, 10 పాయింట్లు పోతుంది. తర్వాతి ఎన్నికలోపు అంతా తిరిగి రాదు. 20 కిందికి పడిందంటే ప్రభుత్వం నియంతృత్వంలోకి జారుతుంది. అప్పుడు మీ రిపబ్లిక్ ఎక్కడుంది?

రెండోది, రాయల్ మ్యారేజ్‌లు లేవు. పెళ్ళి లేకపోతే పర్సనల్ యూనియన్ (రెండు దేశాలకు ఒకే రాజు) లేదు. ఈ ఆటలో కత్తి దూయకుండా ఒక దేశం మొత్తం చేతికొచ్చే దారుల్లో అదొకటి. నేను ఆస్ట్రియా ఆడినప్పుడు బర్గండీ వారసత్వం నాకే దక్కింది. చరిత్రలోనూ 1477లో బర్గండీ పాలకుడు ఛార్లెస్ యుద్ధంలో చనిపోయాక అతని కూతురు మేరీని మాక్సిమిలియన్ పెళ్ళాడితేనే కదా నెదర్లాండ్స్ ఆస్ట్రియా రాజవంశం హాబ్స్‌బర్గ్‌ల చేతికి వెళ్ళింది. స్పెయిన్‌లో కాస్టీల్, ఆరగాన్ రాజ్యాలు కలిసిందీ 1469 పెళ్ళితోనే. వెనిస్‌తో ఆడి ఇందులో ఒక్కటైనా చేయగలరా?

మూడోది, కొత్తగా ఎన్నికైనవాడి మొత్తం 6. మామూలు రాజు 3/3/3 అనుకున్నా 9.

సముద్రుడు:
వెనిస్ ఓడలతో ఒట్టోమన్ సైన్యాన్ని జలసంధి దాటకుండా ఆపొచ్చు. నాకు అదొక్కటి చాలు.

తుంగభద్ర_తీరం:
ఓరుగల్లు గారూ, 10 పాయింట్లు అని భయపెడుతున్నారు. ఒకరిని మూడుసార్లు మళ్ళీ ఎన్నుకుంటే పోయేది 30. తర్వాత రెండు మూడు ఎన్నికల్లో కొత్తవాళ్ళను తీసుకుంటే ట్రెడిషన్ కోలుకుంటుంది. నేను చేసి చూశాకే చెబుతున్నాను.

వారసుల సంగతి నాకు ఆటతో మొదలు కాలేదు. తెనాలి దగ్గర మా తాతగారికి రైస్ మిల్లు ఉండేది. లెక్కలు చూసింది మా నాన్న, రైతులతో బేరాలు మాట్లాడింది మా నాన్న. తాతగారు పోయాక మిల్లు పెదనాన్న కొడుక్కి వెళ్ళింది. ఎందుకంటే పెద్దవాడి కొడుకు. నాలుగేళ్ళు తిరక్కుండా మోటార్లతో సహా అమ్మేశాడు. ఆ రోజు నాన్న మిల్లు తాళాలు బల్ల మీద పెట్టేసి మాట్లాడకుండా బయటికొచ్చారు.

చరిత్రలో ఇంకేం సాక్ష్యం కావాలి? రెండో దేవరాయలు 1446లో పోయాక మల్లికార్జునుడు, విరూపాక్షుడు వచ్చారు. కొండవీడు, ఉదయగిరి గజపతుల చేతికి పోయాయి. చివరికి 1485లో సాళువ నరసింహుడు సింహాసనం లాక్కుంటే గానీ రాజ్యం నిలబడలేదు.

ఓరుగల్లు_77:
మిల్లు సంగతి బాధాకరమే. కానీ మల్లికార్జునుడు గుర్తొచ్చినవారికి కృష్ణదేవరాయలు గుర్తు రాలేదా? 1509లో అన్న వీర నరసింహుడి తర్వాత సింహాసనం ఎక్కాడు. ఎవరూ ఓటేయలేదు.

10 పాయింట్లకు మీరు సరైన జవాబు చెప్పలేదు. కొత్తవాళ్ళను తీసుకుంటే కోలుకుంటుంది అన్నారు. ఆ ఎనిమిదేళ్ళూ పన్నెండేళ్ళూ మీకు 4/1/1 పాలకుడే కదా. మరి 6/4/4 లాభం ఎక్కడ మిగిలింది?

మళ్ళీ మళ్ళీ ఎన్నుకోవడం అంటే ఏంటో నాకు తెలుసు. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు తొమ్మిదేళ్ళుగా ఒకరే ప్రెసిడెంట్. ప్రతి ఏడూ మీటింగ్‌లో ‘ఆయన్నే ఉండనివ్వండి, మనకెక్కడ తీరిక’ అంటారు, చేతులెత్తుతారు. బోరు మోటారు మూడుసార్లు మార్చారు, ఒక్కసారీ బిల్లు చూపించలేదు. అడిగితే ‘పోనీ మీరు చేస్తారా’ అంటారు. ఇదే మీ 6/4/4.

బందరు_బుల్లోడు:
ఆట గురించి మాట్లాడుకుందాం అన్నా. అపార్ట్‌మెంట్ ఎందుకు ఇక్కడ?

ఓరుగల్లు_77:
ఎందుకంటే ఎవరైనా ఆటలో నొక్కే బటన్ బయట కూడా నొక్కుతారు తమ్ముడూ.

పాతపటం:
ఇద్దరూ వెనిస్ పేరు తలుస్తున్నారు కాబట్టి ఒక మాట. అసలు వెనిస్‌లో డోజ్‌కు (వెనిస్ పాలకుడి బిరుదు) నాలుగేళ్ళ పదవీకాలం లేదు, ఎన్నికైతే జీవితాంతం. ఎన్నిక పద్ధతి 1268 నాటిది. మహాసభ సభ్యుల్లోంచి చీటీ తీసి 30 మందిని ఎంచి, మళ్ళీ చీటీతో 9 మందికి కుదిస్తారు. ఆ 9 మంది 40 మందిని ఎన్నుకుంటారు. చీటీతో 12. వాళ్ళు 25 మందిని ఎన్నుకుంటే చీటీతో 9. వాళ్ళు 45 మందిని ఎన్నుకుంటే చీటీతో 11. ఆ 11 మంది ఎన్నుకున్న 41 మంది డోజ్‌ను తేలుస్తారు, కనీసం 25 ఓట్లు పడాలి. పాత్రలోంచి గుండ్లు తీసేది ఒక చిన్న పిల్లాడు. ఏ ఒక్క కుటుంబమూ ముందుగా లెక్క కట్టుకోలేకుండా ఇంత చేశారు. అలాగని ఇది జనం ఎన్నిక కాదు. 1297 తర్వాత మహాసభ తలుపులు కొన్ని కుటుంబాలకే తెరిచి ఉన్నాయి. ఆటలో ఇందులో ఏదీ లేదు, ముగ్గురు అభ్యర్థులూ ఒక బటనూ ఉన్నాయి.

ఓరుగల్లు_77:
అదిగో. జీవితాంతం. ఆట మొదలయ్యేనాటికి డోజ్‌గా ఉన్న ఫోస్కారీ 1423 నుంచి 34 ఏళ్ళున్నాడు. రాజుకూ అతనికీ తేడా ఏంటి?

తుంగభద్ర_తీరం:
తేడా 1457లో ఉంది! ముసలివాడయ్యాడు, కొడుకు కేసుతో కుంగిపోయాడు, పని చేయలేకపోతున్నాడు. పదిమంది మండలి వచ్చి దిగిపోమంది, దిగాడు. యుద్ధం లేదు, ఊరు తగలబడలేదు. ఏ రాజును అలా దింపగలరు? మా మిల్లుకు అలాంటి మండలి ఒకటి ఉండుంటే ఇవాళ్టికీ నడిచేది. నేను మొదటినుంచీ చెప్పేది ఇదే. మీరు పాయింట్లు పట్టుకుని వేలాడుతున్నారు.

ఓరుగల్లు_77:
పాయింట్లు తెచ్చింది నేనా? 6/4/4 అని మొదటి పోస్ట్‌లో రాసింది ఎవరు?

సరే, సూటిగా అడుగుతాను. మీ ఆటలో ఆ పదిమంది ఎవరు? మీరే. దింపాల్సింది మీరే. ఇప్పటిదాకా ఒక్క డోజ్‌నైనా, పని బాగా చేస్తున్నవాణ్ణి, గడువు తీరిందని మార్చారా? చనిపోతే తప్ప మార్చి ఉండరు. మీకు రిపబ్లిక్ అక్కర్లేదు. చెప్పినమాట వినే మంచి రాజు కావాలి. మా ప్రెసిడెంట్‌కు చేతులెత్తేవాళ్ళూ ఇదే అంటారు, ‘బాగానే చేస్తున్నాడుగా’ అని.

సముద్రుడు:
రైట్స్ ఆఫ్ మ్యాన్ డీఎల్‌సీ ఉంటే వారసుణ్ణి తప్పించే బటన్ కూడా ఉంది. కాకపోతే ప్రెస్టీజ్ (దేశం పరువు) పాయింట్లు పోతాయి.

తుంగభద్ర_తీరం:
నన్ను మీ అసోసియేషన్ వాళ్ళతో కలపడం బాగాలేదు. నిన్న రాత్రి కోపంలో రాసింది చెరిపేశాను.

పొద్దున సేవ్ ఫైల్ తెరిచాను. 1476, ఎన్నికల కిటికీ తెరిచే ఉంది. డోజ్ వయసు 61, 6/3/3. 1464 నుంచి ఆయనే. ట్రెడిషన్ 43. మళ్ళీ ఎన్నుకుంటే 6/4/4. మీరు చెప్పింది నిజమే, ముందున్న ముగ్గురినీ చనిపోయాకే మార్చాను. బాగా చేస్తున్నవాణ్ణి ఎందుకు తీయాలి అన్నదే నా ప్రశ్న. మీరేమో బాగా చేస్తున్నా తీయాలంటున్నారు. మనం ఇన్ని పోస్టులుగా వాదించుకుంటున్నది దీని గురించే అనుకుంటా. రాజరికమా, రిపబ్లిక్కా అని కాదు.

ఓరుగల్లు_77:
అవును, దీని గురించే. బాగా చేస్తున్నప్పుడే తీయాలి. చెడిపోయాక ఆయనే తీయనివ్వడు. ఆ బటన్ నొక్కకండి.

పాతపటం:
మిలన్‌తో యుద్ధం నడుస్తోందా? అలాగైతే యుద్ధంలో 4 ఉన్నవాణ్ణి తీసుకోండి.

తుంగభద్ర_తీరం:
నడుస్తోంది. 1/1/4 అతన్ని తీసుకున్నాను. పరిపాలన పాయింట్లు రావడం సగానికి సగం పడిపోయింది, వచ్చే టెక్నాలజీ ఆలస్యమవుతుంది. మిల్లు విషయంలో మాత్రం నా మాట మారదు.