అప్‌డేట్: మిరప నారుకు వ్యామ్, ఎర్ర చల్కలోనూ నల్లరేగడిలోనూ

వేళ్లతో జతకట్టి మొక్కకు భాస్వరం అందించే వ్యామ్ శిలీంధ్రం మిరపకు ఎర్ర చల్కలోనూ నల్లరేగడిలోనూ ఒకేలా పనిచేస్తుందా అని గతంలో ఇక్కడ అడిగాను. మీ సూచన ప్రకారం నారుమడిలోనే, విత్తనాల కిందికి వచ్చేలా వేశాను. చల్కలో నాటిన మొక్కలు బెట్టను బాగా తట్టుకుంటున్నాయి. రేగడిలో తేడా స్వల్పమే. చల్కలో ఇనుము, అల్యూమినియం, సున్నం ఎక్కువున్న రేగడిలో కాల్షియం భాస్వరాన్ని పట్టి ఉంచుతాయి కనుక, వేరు అందుకోలేని దూరం నుంచి దానిని చేరవేసే శిలీంధ్రపు పోగుల అవసరం రెండు చోట్లా ఉంటుంది. అయితే భాస్వరం పుష్కలంగా దొరికే మొక్క వేరులో శిలీంధ్రం అంతగా వ్యాపించదు. నా రేగడిలో ఏటా భాస్వరపు ఎరువైన డీఏపీ దండిగానే పడింది. ఈసారి భూసార పరీక్ష చేయించి ఆ మోతాదు తగ్గిస్తాను. పక్కనున్న క్యాబేజీకి మాత్రం వ్యామ్ వేయను, ఆవాల కుటుంబపు మొక్కలు దీనితో జతకట్టవు.